అరవై మూరల తెల్ల తాడు

మన దఫ్తరులో సామాను పరీక్షించే కాగితం మీకందరికీ తెలిసిందే. తాడు గానీ, డేరా గానీ, వీపు సంచీ గానీ, గుట్ట మీదికి ఏది పోవాలన్నా ముందు ఆ కాగితం నిండాలి. తూకం, పొడవు, తడికి ఎట్లా నిలిచింది, ఎండకు ఎట్లా నిలిచింది, ఇవన్నీ నింపాక చిట్టచివర ఒక గడి మిగులుతుంది. వాడే మనిషి సామానును చేత్తో చూసి వేలిముద్ర వేయవలసిన గడి అది. దాని కోసం మనిషిని పిలిపించాలి, మూట అతని ముందర విప్పాలి, అతను చూసేదాకా మనం ఊరికే నిలబడాలి. ఆ గడి వల్ల పొద్దుటి పని ఆగిపోతోందనీ, తీసేస్తే మేలనీ మీలో కొందరు పైకి రాశారని విన్నాను. రాసినందుకు నాకు కోపం లేదు. మీ వయసులో నేను రాయడంతో ఆగలేదు, చేసి చూపించాను. ఏం చేశానో చెబుతాను, ఆ తర్వాత మీ ఇష్టం.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. మాది కామారెడ్డి. ఉర్దూ బడిలో చదివి, దస్తూరీ బాగుందన్న ఒక్క పేరుతో కొలతల దఫ్తరులో సామాను మున్షీగా చేరాను. మా క్యాంపు ఎల్లారెడ్డిలో. ఒక పాత ఇంటిని కిరాయికి తీసుకొని ముందు గదిలో దఫ్తరు, వెనక గదిలో గోదాం పెట్టారు. పని ఏమిటంటే, చుట్టుపక్కల గుట్టల మీద జెండాలు పాతాలి. ఒక గుట్ట మీది జెండాను మరో గుట్ట మీంచి దుర్బిణీలో చూసి కొలతలు వేయాలి. కొలతలు వేసేది క్యాంపు సాబు. గుట్టలెక్కేది కూలి మనుషులు. వాళ్ళకు సామాను ఇచ్చి, సాయంత్రం తిరిగి తీసుకొని, రిజిస్టరులో రాసుకునేది నేను. నేను గుట్ట సగం దాకా ఎక్కితే ఆ రోజు గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

యుద్ధం మొదలైన మరుసటి ఏడు, వానలు వెనకబట్టాక, పట్నం నుంచి కామారెడ్డి స్టేషనుకు నాలుగు చెక్కపెట్టెలు వచ్చాయి. వాటితో ఒక ఉత్తరం. పెట్టెల్లో ఉన్నది కొంత సీమ సామాను, కొంత ఇక్కడే తయారైన సామాను. మీ గుట్టల్లో ఒక కాలమంతా వాడి చూసి, ఎక్కడానికి ఏది బాగుందో, వీపున మోయడానికి ఏది బాగుందో రాయండి, దాన్నిబట్టి అన్ని క్యాంపులకూ తెప్పిస్తాం అని ఆ ఉత్తరం సారాంశం. క్యాంపు సాబు ఆ పని నాకు అప్పజెప్పాడు. పెట్టెల్ని రెండు బండ్ల మీద వేయించి, ఎల్లారెడ్డి దాకా వాటి పక్కనే నడిచాను. దారిలో ఆగిన ప్రతి ఊళ్ళోనూ అందులో ఏముందని అడిగారు. సర్కారీ సామాను అని మాత్రం చెప్పి, మిగతాది చెప్పకుండా మీసం దువ్వుకున్నాను. మీసం అప్పటికి సరిగ్గా రాలేదు కూడా.

పెట్టెల్లో అడుగున మేకులు కొట్టిన బూట్లు, రెండు రకాల వీపు సంచులు, ఒక తేలికపాటి డేరా, మూడు రకాల తాళ్ళు ఉన్నాయి. బూట్ల సంగతి రెండు రోజుల్లో తేలిపోయింది. మన గుండ్రాళ్ళ మీద ఆ మేకులు జారిపోతాయి. వాటిని తొడుక్కున్న మనిషి మూడో రోజు వాటిని మెడలో వేసుకొని వట్టి కాళ్ళతో ఎక్కాడు. "బూట్లు ఎక్కడానికి పనికిరావు, మెడలో వేసుకోవడానికి బరువు" అని రాద్దామనుకొని, క్యాంపు సాబుకు హాస్యం పట్టదని మానుకున్నాను. వీపు సంచుల్ని మోసేవాళ్ళు ఛాతీ మీదికి తిప్పుకొని మోశారు. వెనకాల ఉన్నది కంటికి కనబడకపోతే మోసినట్టు ఉండదన్నారు. నెలరోజులకు అలవాటుపడి, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయని మెచ్చుకున్నారు. అది మెచ్చుకోలుగా రాసుకున్నాను.

తాళ్ళ దగ్గరే నా పనితనం చూపించాలనుకున్నాను. గోదాం దూలానికి వేలాడదీసి ఇసుక బస్తాలు కట్టేవాణ్ణి. ఒక బస్తా, రెండు, మూడు. తడిపి ఒకసారి, ఆరబెట్టి ఒకసారి. జనుము తాడు రెండో బస్తాకు సాగింది. నార తాడు మూడో బస్తాకు మూలిగింది. అరవై మూరల సీమ తాడు మాత్రం, తెల్లగా, సన్నగా, నాలుగు బస్తాలు కట్టినా కదలలేదు. అది నాకు ఎంత నచ్చిందంటే, దాని గురించి రాసేటప్పుడు పాళీ మార్చి రాశాను.

ఇక మనుషుల గురించి. కూలీలందరి మీద ఒక జమేదారు ఉండేవాడు. ఎల్లారెడ్డి ముసల్మాను, యాభై దాటినవాడు, నాకంటే ముందు ముగ్గురు మున్షీలను చూసినవాడు. నన్ను మున్షి సాబ్ అని మర్యాదగానే పిలిచేవాడు గానీ, ఆ పిలుపులో పిల్లవాణ్ణి బుజ్జగించే ధోరణి ఉండేది. గుట్టలెక్కి జెండా పాతే పని ఒక గౌడుది. మహమ్మద్‌నగర్ వైపు ఒక ఊళ్ళో కల్లుకు ఈత, తాటి చెట్లు గీసేవాడు. క్యాంపు ఉన్నన్నాళ్ళు తన చెట్లను తమ్ముడికి అప్పగించి మా దగ్గరకు వచ్చాడు. నలభై ఏళ్ళు ఉంటాయి. మాట తక్కువ. నాకంటే అంత పెద్దవాణ్ణి నేను గౌడూ అని పిలిచేవాణ్ణి, అన్నా అనలేదు. చేతిలో రిజిస్టరు ఉన్నవాడికి అదంతా సహజమే అనిపిస్తుంది.

అతనికి ఒక అలవాటు ఉండేది. రోజూ పొద్దున తాడు చేతికి ఇవ్వగానే గొంతుక్కూర్చుని, కళ్ళు మూసుకొని, ఒక కొస నుంచి మరో కొస దాకా మొత్తం తాడును బొటనవేలికీ వేళ్ళకూ మధ్య నుంచి లాగేవాడు. లాగుతున్నంతసేపూ పెదవులు కదిలేవి. మధ్యలో ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. అంతా అయ్యాక తాడును రెండు కళ్ళకూ అద్దుకొని భుజాన వేసుకునేవాడు. ఆ తర్వాత దాన్ని ఇంకొకరు ముట్టుకోకూడదు, దాటకూడదు. కల్లుగీతవాళ్ళు నడుముకు తిప్పుకొని చెట్టెక్కే మోకును అట్లాగే చూస్తారని జమేదారు చెప్పాడు. అరవై మూరల తాడు కాబట్టి ఈ తతంగం చాలాసేపు పట్టేది. ఒకరోజు నవ్వుతూ అడిగాను, ఏం మంత్రమని.

"మంతరమేంది మున్షి సాబూ," అన్నాడు. "తాడు మంచిచెడ్డ అడుగుతున్న."

నేను పెద్దగా నవ్వాను. ఆ సాయంత్రం క్యాంపు సాబుకు చెప్పి ఆయన్నీ నవ్వించాను.

నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. చలికాలం ముదిరిన కొద్దీ పొద్దెక్కితే గుట్టల మీద పొగమంచులాంటి మసక కమ్ముకొనేది, దూరం జెండా దుర్బిణీలో కనబడేది కాదు. ఎంత పొద్దున జెండా లేస్తే అంత పని అవుతుంది. రెండు మూడు రోజులు పని చెడిపోయాక క్యాంపు సాబు నన్ను పిలిచి, ఆలస్యం ఎక్కడ అవుతోందని నిలదీశాడు. నేను తడుముకోకుండా తాడు పూజ దగ్గర అని చెప్పాను. మార్గం కూడా నేనే చూపించాను. తాళ్ళను ముందురోజు సాయంత్రం నేనే పరీక్షిస్తాను, బాగుంటే రిజిస్టరులో "బాగుంది" అని రాస్తాను, సంచిలో పెట్టి మూతి కుట్టి లక్క ముద్ర వేస్తాను, ఆ ముద్రను గుట్ట మొదట్లోనే విప్పాలి, విప్పగానే ఎక్కాలి. క్యాంపు సాబు నా భుజం తట్టాడు. ఆ తట్టుడు నాకు చాలా రోజులు గుర్తుంది.

గౌడు మొదటిరోజు అడిగాడు, తాడును ఒక్కపారి చేతికియ్యమని. నేను చూసేశానని చెప్పాను. రెండోరోజు జమేదారుతో అడిగించాడు. జమేదారు నా దగ్గరకు వచ్చి, అతని చేతికి తాడు ఇవ్వకపోతే అతనికి కాలు ముందుకు పడదు, ఇయ్యండి అన్నాడు. దఫ్తరు పద్ధతికి అడ్డం రావద్దని ఆయనకు కూడా చెప్పాను. మూడోరోజు నుంచి ఎవరూ అడగలేదు. సంచి విప్పగానే గౌడు తాడును కళ్ళకు అద్దుకొని ఎక్కిపోయేవాడు. పని నిజంగానే త్వరగా సాగింది. ఒప్పుకోవాలి కదా, ఆ నెలంతా ఒక్క పొద్దు కూడా చెడిపోలేదు. నా పద్ధతిని మిగతా క్యాంపులకు కూడా పంపాలని క్యాంపు సాబు పట్నానికి రాశాడు.

ఆ ఉత్తరం చూసి పట్నం నుంచి పెద్ద సాబు స్వయంగా వస్తున్నాడని కబురు వచ్చింది. పోచారం దిక్కున ఒక నిలువు గుట్ట ఉంది, అక్కడ జెండా పాతడం చూస్తాడట. నాకు కాలు నిలవలేదు. గోదాంలో సామానంతా దులిపించాను. అప్పుడు సీమ తాడు వంక చూస్తే ఏముంది, రెండు నెలలు ఎర్రమట్టిలో దొర్లి గోధుమరంగుకు తిరిగింది. పట్నం నుంచి తెల్లగా వచ్చిన తాడును పెద్ద సాబుకు ఇట్లా మాసిపోయి చూపించాలా అని నా మనసు ఒప్పుకోలేదు. మా బట్టలు ఉతికే చాకలి ఇంటికి పట్టుకుపోయాను, సౌడు మట్టి పెట్టి ఉడకబెట్టి తెల్లగా చేసి ఇమ్మని. ఆ చాకలి ఇంటావిడ నవ్వింది. బట్టలు ఉబ్బకు పెట్టడం ఎరుగుదును గానీ తాడును ఉడకబెట్టించుకునేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానంది. సర్కారీ సామాను గురించి నీకేం తెలుసు అన్నాను.

తాడు మల్లెపువ్వులా తెల్లగా వచ్చింది. ఒక పూట ఎండలో వేశాను. పైన తడి లేదు. దూలానికి మళ్ళీ వేలాడదీద్దామా అని ఒక క్షణం అనిపించింది. నాలుగు బస్తాలు మోసిన తాడే కదా, మళ్ళీ మురికి ఎందుకు చేయడం అనుకున్నాను. అటూ ఇటూ తిప్పి కళ్ళారా చూసుకున్నాను. ఎక్కడా ఒక్క పోగు లేచి లేదు. రిజిస్టరులో "బాగుంది" అని రాసి, సంచిలో పెట్టి, మూతి కుట్టి, లక్క ముద్ర వేశాను. రెండురోజుల్లో వస్తానన్న పెద్ద సాబు ఎనిమిది రోజులకు గానీ రాలేదు. ఆ ఎనిమిది రోజులూ తాడు సంచిలోనే ఉంది. ముద్ర చెడగొట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆ రోజు గుట్ట మొదట్లో అందరం నిలబడ్డాం. పెద్ద సాబుకు కుర్చీ వేశారు. క్యాంపు సాబు ఆయన పక్కన నిలబడి నా పద్ధతి వివరిస్తున్నాడు. నేను అందరి ముందూ లక్క ముద్ర పగలగొట్టి, తెల్లటి తాడును బయటికి తీశాను. పెద్ద సాబు తల ఊపాడు. గౌడు తాడు అందుకున్నాడు. అందుకున్నవాడు కదలలేదు. నెలరోజుల తర్వాత మొదటిసారి మళ్ళీ అడిగాడు.

"తాడు నా చేతుల నుంచి ఒక్కపారి పోనియ్యి మున్షి సాబూ. దీని వాసన మారింది."

పెద్ద సాబు జేబు గడియారం తీశాడు. ఆయన దేనికి తీశాడో నాకు తెలియదు, టైము చూసుకోవడానికే తీసి ఉండవచ్చు. నాకు మాత్రం టైము పోతోందనే అనిపించింది. నా పద్ధతి చూడ్డానికి అంత దూరం నుంచి వచ్చిన మనిషి ముందు తాడు పూజ మొదలైతే ఇంకేముంది.

"తాడు బాగుంది. రాసి ఉంది. ఎక్కు," అన్నాను.

అతను నా ముఖం వంక చూశాడు. కోపంగా కాదు. చూసి, తాడును కళ్ళకు అద్దుకొని భుజాన వేసుకున్నాడు.

ఎక్కడం ఏ ఇబ్బందీ లేకుండా ఎక్కాడు. ఎక్కేటప్పుడు తాడుతో పని ఉండదు, రాతి సందుల్లో వేళ్ళు పెట్టి వట్టి చేతులతోనే పోతాడు. పైకి పోయాక తాడు జారవిడిచి కింది నుంచి జెండా కర్రను లాక్కున్నాడు. జెండా లేచింది. పెద్ద సాబు శెభాష్ అన్నాడు. ఆ తర్వాత తాడు కొసను ఒక రాతి కొమ్ముకు కట్టి, నడుం చుట్టూ మోకులాగా తిప్పుకొని దిగడం మొదలుపెట్టాడు. సగానికి పైగా దిగాడు. నేను రిజిస్టరులో టైము రాసుకుంటున్నాను. చప్పుడేమీ కాలేదు. తాడు తెగితే ఫట్టుమంటుందని అనుకుంటాం. అది చిరిగిన గుడ్డలాగా మెత్తగా విడిపోయింది. నేను తలెత్తేసరికి గౌడు కింద బండ మీద ఉన్నాడు, తెల్లటి తాడు సగం అతని మీద పడి ఉంది.

రెండు నిలువుల ఎత్తు నుంచి పడ్డాడు. ప్రాణం ఉంది. తుంటి, కుడికాలు విరిగాయి. నేను ఉన్నచోటనే నిలబడిపోయాను. జమేదారు పరుగెత్తి అతని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. మోసేవాళ్ళు ఎవరూ చెప్పకుండానే డేరా గుడ్డను రెండు కర్రలకు కట్టి, వీపు సంచుల పట్టీలు కోసి బిగించి, అతన్ని దాని మీదికి ఎక్కించారు. నాలుగు పెట్టెల సామానులో ఆ రోజు నిజంగా పనికొచ్చింది అదొక్కటే. ఎల్లారెడ్డి దాకా మోశారు, అక్కడి నుంచి బండిలో కామారెడ్డి దవాఖానాకు. బండి గతుక్కుమన్నప్పుడల్లా గౌడు పళ్ళు బిగపట్టేవాడు. నేను బండి వెనక నడిచాను. పెట్టెలు తెచ్చిన దారే అది.

మూడోరోజు క్యాంపు సాబు ఒక కాగితం తయారుచేశాడు. జెండా పాతే మనిషి తాగి ఉన్నాడనీ, తాగిన మైకంలో తాడును పద్ధతి తప్పి గుంజాడనీ, అందువల్ల తాడు తెగిందనీ అందులో ఉంది. కల్లుగీసే మనిషి అంటే ఎవరైనా నమ్ముతారు కదా అని ఆయన నాతో నెమ్మదిగానే అన్నాడు. ఆయన దుర్మార్గుడు కాడు, ఇది చెప్పాలి. తాడుదే తప్పని రాస్తే పరీక్షించిన మున్షీ పోతాడు, పద్ధతిని మెచ్చుకొని రాసిన తానూ పోతాడు. ఇద్దరికీ ఇళ్ళు ఉన్నాయి. సాక్షిగా నా సంతకం కావాలి. మూడు రోజులుగా నాకు నిద్ర లేదు, అన్నం సహించలేదు, ఇవన్నీ నిజమే. సంతకం చేసిన మాట కూడా నిజమే. చేసేటప్పుడు దస్తూరీ ఎప్పటిలాగే బాగా వచ్చింది.

రెండో సాక్షిగా జమేదారును పిలిచారు. ఆయన కాగితం చదివించుకొని విన్నాడు. చెట్టెక్కేవాడు ఎక్కకముందు చుక్క ముట్టడు, నా ఎదుటనే పొద్దున జొన్న గటక తాగి వచ్చాడు, నేను దీని మీద వేలిముద్ర పెట్టను అని చెప్పి బయటికి నడిచాడు. దానికి ఆయన్ను పనిలోంచి తీసేస్తామన్నారు. తీసేయండన్నాడు.

పది రోజుల తర్వాత జమేదారు కామారెడ్డి దవాఖానాకు పోయి వచ్చి, నన్ను వెతుక్కుంటూ గోదాంలోకి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. గౌడు ఒక కబురు పంపాడని చెప్పాడు. కాలు సంగతి, పని సంగతి ఏదీ అడగలేదట. తాగి పడ్డాడన్న మాట అప్పటికే ఊరికి చేరింది. వాళ్ళలో తాగి ఎక్కడమంటే చిన్న తప్పు కాదు. అట్లాంటివాడి ఇంటికి చెట్టు అప్పగించరు. కులపోళ్ళు కూర్చొని, అతని చెట్లతో పాటు తమ్ముడి చెట్లు కూడా తీసుకోవాలని అనుకుంటున్నారట.

"ఆయన ఒక్కటే అడిగిండు," అన్నాడు జమేదారు. "నేను తాగలేదని మున్షి సాబుతోని రాయించు, ఆయన రాస్తే అందరు నమ్ముతరు, ఆయన రాత మంచిగుంటది అన్నడు."

నేను అప్పటికే దేని మీద సంతకం చేసి ఇచ్చానో పాపం ఆ మనిషికి తెలియదు. జమేదారుకు తెలుసు. తెలిసీ ఆయన ఆ మాట గౌడుకు చెప్పలేదు. నా ముఖం చూసి కొంచెం మెత్తబడి, "బేటా, నీకింక బతుకు చాన ఉన్నది," అని మాత్రం అన్నాడు.

ఆ మధ్యాహ్నం తెగిన తాడు రెండు ముక్కలనూ రిజిస్టరునూ వీపు సంచిలో పెట్టుకొని కామారెడ్డి బయలుదేరాను. మరునాడు దవాఖానాలో గౌడు మంచం పక్కన నిలబడ్డాను. అతని కాలుకు కట్టెలు కట్టి ఉన్నాయి. ఏం మాట్లాడాలో తెలియక తాడు తీసి అతని చేతుల్లో పెట్టాను. ఎందుకు పెట్టానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అతను కళ్ళు మూసుకున్నాడు. కొస పట్టుకొని వేళ్ళ మధ్య నుంచి లాగడం మొదలుపెట్టాడు. పెదవులు కదిలాయి. ఈసారి నేను దగ్గరగా నిలబడ్డాను కాబట్టి వినబడింది. ఒకటి, రెండు, మూడు. మూరలు లెక్కపెడుతున్నాడు.

"పదకొండు," అని ఆగాడు. "గిక్కడ లోపల మెత్తబడ్డది. పట్టి చూడుండ్రి."

నేను పట్టి చూశాను. పైకి తెల్లగా, గట్టిగా, నున్నగా ఉంది. నాకేమీ తెలియలేదు. అతను నా వేళ్ళను తన వేళ్ళతో నొక్కి పట్టించాడు. అప్పుడు తెలిసింది. లోపల, పండిన ఈతపండులాగా, గింజ చుట్టూ కండ కదిలినట్టు ఏదో కదిలింది. తాడు పురి విప్పి చూస్తే లోపలి పోగులు నల్లబడి, గోటితో గీరితే పొడిగా రాలాయి. అతను మళ్ళీ కళ్ళు మూసుకొని లాగాడు. ముప్పై నాలుగో మూర దగ్గర తెగిన చోటు వచ్చింది. రెండో ముక్క ఇమ్మన్నాడు. నలభై తొమ్మిది దగ్గర మళ్ళీ ఆగాడు. అది తెగని చోటు. ఆ రోజు ముప్పై నాలుగు దగ్గర తెగకపోతే ఇంకోరోజు ఇక్కడ, ఇంకొకరి కింద తెగేది.

సౌడులో ఉడకబెట్టించానని, ఎనిమిది రోజులు సంచిలో పెట్టి కుట్టానని చెప్పాను. విన్నాడు. సీమదైనా మనదైనా నారతో పేనిన తాడుకు ఉడుకు పెట్టకూడదని, తడి లోపలికి పోయిన తాడును గాలి తగలకుండా కట్టకూడదని తనకు పదేళ్ళ వయసు నుంచి తెలుసునన్నాడు. రోజూ మూరలు ఎందుకు లెక్కపెట్టేవాడో కూడా అప్పుడే చెప్పాడు. ఏ మూర దగ్గర తాడు నీరసంగా ఉందో గుర్తుపెట్టుకొని, ఆ మూర రాతి అంచు మీదికి రాకుండా కట్టుకునేవాడట. నేను దూలానికి బస్తాలు వేలాడదీసి రెండు నెలల్లో తెలుసుకున్నదానికంటే ఎక్కువ ఆయన రోజూ ఒక్క పొద్దులో తెలుసుకునేవాడు. కళ్ళకు అద్దుకున్నది చూసి అంతా పూజ అనుకున్నాను. అడిగితే చెప్పనే చెప్పాడు కూడా, తాడు మంచిచెడ్డ అడుగుతున్నానని. నేను నవ్వాను.

"అన్నా," అన్నాను. ఆ పిలుపు అదే మొదటిసారి. "నువ్వు తాగి ఉన్నావని కాగితం మీద నేను సంతకం చేసిన."

నా నోట్లోంచి మా ఇంటి మాట వచ్చింది, దఫ్తరు మాట రాలేదు. ఆయన తాడును పక్కన పెట్టాడు. తర్వాత ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. నేను అక్కడే నేల మీద కూర్చొని, రిజిస్టరు తెరిచి, "బాగుంది" అన్న మాటను కొట్టేశాను. కొట్టేసిన మాట పక్కన జరిగిందంతా రాశాను. తాడును ఉడికించింది, సంచిలో బంధించింది, చేతికి ఇవ్వమని అడిగితే ఇవ్వనిది నేనేనని, ఎక్కిన మనిషి తాగలేదని, తాగాడన్న కాగితం మీది నా సంతకం అబద్ధమని రాశాను. రాసినది ఆయనకు చదివి వినిపించి, మూరల లెక్క సరిగ్గా ఉంటే వేలిముద్ర వేయమని అడిగాను. పదకొండు, ముప్పై నాలుగు, నలభై తొమ్మిది అని మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాడు. గోడవైపు నుంచి తిరగకుండానే చెయ్యి చాపాడు. ఆ బొటనవేలికి సిరా నేనే పూశాను.

ఆ తర్వాత జరిగినవి క్లుప్తంగా చెబుతాను. నన్ను రెండు మెట్లు కిందికి దించి సదాశివనగర్ వైపు వేశారు. క్యాంపు సాబు నాతో మళ్ళీ మాట్లాడలేదు. ఆయన్ను కూడా ఎక్కడికో మార్చారు, ఆ పాపంలోనూ నాకు వాటా ఉంది. జమేదారును తిరిగి పనిలోకి తీసుకున్నారు. నేను రాసినదాని నకలు ఆయనే పట్టుకుపోయి గౌడు ఊళ్ళో కులపోళ్ళందరి ముందూ చదివించాడు. తమ్ముడి చెట్లు తమ్ముడికి ఉన్నాయి. అన్న చెట్లు కూడా తమ్ముడే గీశాడు, ఎందుకంటే అన్న మళ్ళీ ఎక్కలేదు. కర్ర పట్టుకొని నడిచేవాడు. పట్నం వాళ్ళు నా రాత చదివి, ఒక ఏడాది తర్జనభర్జన పడి, సామాను కాగితం చివర ఒక గడి పెట్టారు. వేలిముద్ర గడి అదే. దానికి మూలమైన మొట్టమొదటి వేలిముద్ర ఎవరిదో మీకు తెలిసింది కదా.

నేను ఆ పరగణాలో ఉన్నన్నేళ్ళూ ప్రతి వానాకాలం చివర క్యాంపు తాళ్ళన్నీ బండిలో వేసుకొని ఆయన ఇంటికి పోయేవాణ్ణి. అరుగు మీద కూర్చొని ఒక్కొక్కటే వేళ్ళ మధ్య నుంచి లాగేవాడు. మూరలు చెబితే నేను రాసుకునేవాణ్ణి. దాన్ని దఫ్తరు ఎప్పుడూ ఒక పనిగా ఒప్పుకోలేదు, ఆయన కూడా ఎప్పుడూ అడగలేదు. ఇంట్లోవాళ్ళు నాకు మజ్జిగ ఇచ్చేవాళ్ళు. మేం మాట్లాడుకున్నదల్లా తాళ్ళ గురించే.

చివరిసారి పోయినప్పుడు ఆయన బాగా కుంగిపోయి ఉన్నాడు. తాళ్ళు చూడడం అయ్యాక, ఎన్నేళ్ళుగానో నోటి దాకా వచ్చి ఆగిపోతున్న మాట ఆరోజు అడిగాను.

"అన్నా, ఇంకా కోపమున్నదా?"

ఆయన చేతిలోని తాడును చుట్టి, కళ్ళకు అద్దుకొని, నాకు అందించాడు.

"తాడు మీద లేదు మున్షి సాబూ," అన్నాడు.

నేను తాళ్ళు బండిలో వేసుకొని వచ్చేశాను. ఆ మాట న్యాయమైనదే. దాన్ని మోస్తూనే ఉద్యోగం పూర్తిచేశాను, ఇప్పుడు మీకు చెబుతున్నాను. పొద్దున పూట ఆ చివరి గడి దగ్గర మీకు చిరాకు కలిగినప్పుడు, మనిషి కళ్ళు మూసుకొని తాడు లాగుతున్నంతసేపూ పక్కన నిలబడి, ఆయన లెక్కపెడుతున్న మూరలు వినండి.